తిరుగు విమానం నుంచి వెనక్కి లెక్కపెట్టండి

జంషెడ్‌పూర్‌లోని గోల్‌మురి బజారులో సాయంత్రం టీ దుకాణాల దగ్గర సెలవుల మాట వచ్చిందంటే ఒకప్పుడు పూరీ, దీఘా, అవి కాకపోతే శ్రీకాకుళం వైపు సొంత ఊరు. ఇప్పుడు ఆ మాటల్లోకి అండమాన్ కూడా వచ్చి చేరింది. ఎవరో ఒకరు ఫోన్ తీసి, నీళ్ళ అడుగున చేపల మధ్య తేలుతున్న స్నేహితుడి వీడియో చూపిస్తారు. "బోనస్ పడగానే మనమూ వెళ్దాం" అని ఇంకొకరు అంటారు. వెళ్ళండి. స్కూబా డైవింగ్ డబ్బున్నవాళ్ళ సరదా అనుకునే రోజులు పోయాయి. మిల్లులో, మెయింటెనెన్స్‌లో, ఆఫీసులో పనిచేసే మనిషి ఒక ఏడాది ముందు నుంచి కూడబెట్టుకుంటే అందే ఖర్చే అది. కానీ ఈ ప్రయాణానికి ప్లాన్ వేసే తీరులో మనవాళ్ళలో చాలామంది ఒకే పొరపాటు చేస్తున్నారు. దాని గురించే ఈ నాలుగు మాటలు.

ముందు సెలవు అడుగుతారు. ఎన్ని రోజులు దొరికితే అన్ని రోజులకు విమానం టికెట్లు కొంటారు. ఆ తర్వాత హోటలు, పడవ, సెల్యులార్ జైలు, రాధానగర్ బీచ్ అన్నీ సర్దుకుంటారు. మిగిలిన ఖాళీలో డైవ్ పెడతారు. ఆ ఖాళీ ఎక్కువగా ఆఖరి రోజునే దొరుకుతుంది. పొద్దున నీళ్ళలో దిగడం, మధ్యాహ్నం పడవెక్కడం, మర్నాడు తెల్లారి విమానం. ఈ వరుస ప్రమాదం. డైవ్ ఉన్న ప్రయాణానికి లెక్క చివరి నుంచి మొదలవ్వాలి. తిరుగు విమానం ఏ రోజు, ఎన్ని గంటలకు అన్నది ముందు రాసుకుని, అక్కణ్ణుంచి వెనక్కి రావాలి.

కారణం నైట్రోజన్. సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ అని చాలామంది అనుకుంటారు. అది మామూలు గాలే, వడగట్టి, బాగా ఒత్తి నింపినది. అందులో దాదాపు 79 శాతం నైట్రోజన్. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. పైన ఒకటి ఉంటే 10 మీటర్ల దగ్గర రెండు, 20 మీటర్ల దగ్గర మూడు. ఆ ఒత్తిడికి మనం పీల్చే నైట్రోజన్ రక్తంలోకి, కండరాల్లోకి, కీళ్ళలోకి కరిగి చేరుతుంది. పైకి వచ్చాక నెమ్మదిగా ఊపిరి ద్వారా బయటికి పోతుంది, కానీ ఆ పనికి గంటలు పడుతుంది. అది పూర్తికాకముందే విమానం ఎక్కితే, క్యాబిన్‌లో ఒత్తిడి 1800 నుంచి 2400 మీటర్ల ఎత్తున్న కొండ మీద ఉన్నంతకు పడిపోతుంది. కరిగి ఉన్న నైట్రోజన్ బుడగలు కడుతుంది. కీళ్ళ నొప్పితో పోతే అదృష్టం. వెన్నుపాము దగ్గర బుడగ చేరితే కాళ్ళు పడిపోవచ్చు. దీన్నే డీకంప్రెషన్ సిక్‌నెస్ అంటారు.

డైవర్ల భద్రత కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థ డాన్ చెప్పే లెక్క ఇది: ఒకే ఒక్క మామూలు డైవ్ చేస్తే విమానానికి ముందు కనీసం 12 గంటలు, ఒకటికి మించి చేసినా, వరుసగా రెండు మూడు రోజులు చేసినా కనీసం 18 గంటలు. నా సలహా మాత్రం ఒక పూర్తి పగలు, ఒక పూర్తి రాత్రి పొడిగా ఉండమనే. అండమాన్‌లో అలా ఉండటం కష్టమేమీ కాదు. డైవ్ చేసే హేవ్‌లాక్ దీవి నుంచి విమానం ఎక్కే పోర్ట్ బ్లెయిర్‌కు ఎలాగూ తిరిగి రావాలి. ఆ రోజును సెల్యులార్ జైలుకు, బజారుకు వదిలేయండి. (ప్రభుత్వం 2018లో హేవ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీప్ అని, 2024లో పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అని పేర్లు మార్చింది. టికెట్ల మీద ఏ పేరైనా కనిపించవచ్చు, కంగారు పడకండి.)

ఇప్పుడు గోల్‌మురి నుంచి వెనక్కి లెక్క వేసి చూద్దాం. ఆదివారం ఉదయం పోర్ట్ బ్లెయిర్‌లో విమానం అనుకోండి. శనివారం నీళ్ళలోకి దిగకూడదు, హేవ్‌లాక్ నుంచి పడవలో రావాలి. గురువారం, శుక్రవారం డైవ్‌లు. బుధవారం పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కు పడవ, ప్రైవేటు వేగం పడవల్లో గంటన్నర, ప్రభుత్వ పడవలో రెండున్నర గంటల దాకా. ఆ సాయంత్రం డైవ్ సెంటర్‌కు వెళ్ళి కాగితాలు చూపించి, మాస్కు, సూటు సరిపోయాయో చూసుకోవాలి. మంగళవారం కోల్‌కతా నుంచి విమానం. సోమవారం టాటానగర్‌లో స్టీల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి హౌరా చేరి, రాత్రి కోల్‌కతాలో పడుకోవాలి. అంటే ముందూ వెనకా వీక్లీ ఆఫ్ కలిసొస్తే ఆరు రోజుల సెలవు. సర్టిఫికెట్ వచ్చే ఓపెన్ వాటర్ కోర్సు చేయాలంటే నీళ్ళలోనే మూడు నాలుగు రోజులు కావాలి, కాబట్టి ఇంకో రెండు రోజులు కలపండి. అన్ని రోజులు దొరక్కపోతే కోర్సు వచ్చే ఏడాదికి వాయిదా వేయండి. పొడి రోజును మాత్రం కోయకండి.

సోమవారం రైలు అన్నాను కదా, ఆదివారం రాత్రి సీ షిఫ్టు చేసి పొద్దున గేటు దాటి నేరుగా స్టేషనుకు పరిగెత్తే పద్ధతి వద్దు. రాత్రి డ్యూటీల వారం ముగిశాక ఒంటికి నిద్ర వేళలు సర్దుకోవడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అండమాన్ గడియారం మనదే అయినా సూర్యుడు మనకంటే బాగా ముందు. చలికాలంలో సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి పడుతుంది, అందుకే డైవ్ పడవలు పొద్దున్నే బయల్దేరతాయి. నిద్ర చాలని మనిషికి నీళ్ళలో నిర్ణయాలు ఆలస్యమవుతాయి, గాలి ఎక్కువ ఖర్చవుతుంది, వాంతులు త్వరగా వస్తాయి. ఉదయం షిఫ్టు వారం తర్వాత సెలవు మొదలయ్యేలా ముందే షిఫ్ట్ ఇన్‌ఛార్జితో మాట్లాడి పెట్టుకోండి. రిలీవర్ ఎవరో తేలకుండా టికెట్ కొనకండి. ఫ్యాక్టరీలో ప్రతి 20 పని దినాలకు ఒక రోజు చొప్పున జీతంతో కూడిన సెలవు చట్టం ఇచ్చిన హక్కే. అయినా ముందుగా, రాతలో అడగాలి. రెండు నెలల ముందు అడిగినవాడికి దొరికినంత తేలిగ్గా రెండు వారాల ముందు అడిగినవాడికి దొరకదు.

ఏ నెల? ఇక్కడే బోనస్ మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. దుర్గాపూజకు ముందు డబ్బు చేతిలో పడుతుంది, పూజ సెలవులు కలిసొస్తాయి, అందరూ అప్పుడే బయల్దేరతారు. కానీ అక్టోబరు, నవంబరు నెలలు బంగాళాఖాతంలో వాయుగుండాల కాలం. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే పడవలు ఆపేస్తారు. 2016 డిసెంబరులో తుఫాను వాతావరణం వల్ల హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యికి పైగా పర్యాటకులు రోజుల తరబడి చిక్కుకుపోతే నౌకాదళం, కోస్ట్ గార్డ్ ఓడలు వెళ్ళి తీసుకురావలసి వచ్చింది. మే మధ్య నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు. నీళ్ళు తేటగా, గాలి తక్కువగా ఉండేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. సంక్రాంతికి ఊరు వెళ్ళొచ్చాక మళ్ళీ సెలవు అడగడం ఇబ్బందే. మార్చిలో 3వ తేదీ ఫౌండర్స్ డే హడావుడి, ఆ వెనకే ఏడాది చివరి ఉత్పత్తి లెక్కలు, పిల్లల పరీక్షలు. అందుకే ఒంటరివాళ్ళకు ఫిబ్రవరి, పిల్లలున్నవాళ్ళకు ఏప్రిల్ అని చెబుతాను. బోనస్ డబ్బు ఆరు నెలలు బ్యాంకులో ఉంచడం కష్టమని తెలుసు. సెలవు, రిలీవర్ సంగతి తేలగానే టికెట్లు కొనేసి ఉంచండి, అప్పుడది వేరే దారిన పోదు.

డబ్బు తర్వాత అంతకంటే ముఖ్యమైనది డాక్టరు. ప్రతి మంచి డైవ్ సెంటర్లో దిగేముందు ఆరోగ్య ప్రశ్నల కాగితం ఇస్తారు. ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషన్, మధుమేహం, గర్భం వంటివి అడుగుతారు. ఒక్కదానికి 'అవును' అన్నా డాక్టరు సంతకం లేనిదే దింపరు. అక్కడిదాకా వెళ్ళి, అంత ఖర్చు పెట్టి, ఆ కాగితం చూసి అన్నింటికీ 'లేదు' అని టిక్కు పెట్టేవాళ్ళున్నారు. దయచేసి అలా చేయకండి. ఆ కాగితాన్ని ఇంటర్నెట్ నుంచి తీసుకుని ఇక్కడే, మీ ఊళ్ళోనే, బయల్దేరడానికి రెండు నెలల ముందే నింపండి. ఏటా కంపెనీ చేయించే వైద్య పరీక్షల కాగితాలు మీ దగ్గర ఉంటాయి, ఊపిరితిత్తుల పరీక్ష, వినికిడి పరీక్ష, బీపీ అన్నీ అందులోనే ఉంటాయి. అవి పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళితే పని సగం అయినట్టే.

మనలాంటి ఊళ్ళో మూడు విషయాలు ప్రత్యేకంగా చూపించుకోవాలి. మొదటిది చెవులు. రోలింగ్ మిల్లు, కంప్రెసర్ హౌస్, ప్రెస్ షాపు మోతల్లో ఏళ్ళు గడిపినవాళ్ళకు వినికిడి కొంత తగ్గి ఉంటుంది, దానివల్లనే డైవింగ్ ఆగదు. కానీ చిన్నప్పుడు చీము కారిన చెవి, కర్ణభేరిలో చిల్లు ఉంటే అది వేరే సంగతి. చెవి డాక్టరు దగ్గర ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదండి. ఆయన దీపం పెట్టి చూస్తుండగా కర్ణభేరి కదులుతుందో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది. కదలకపోతే ఆ చెవితో మూడు మీటర్లు కూడా దిగలేరు. రెండవది ఊపిరితిత్తులు. దుమ్ములో, యాసిడ్ ఆవిర్లలో పనిచేసినవాళ్ళు, బీడీ సిగరెట్లు తాగేవాళ్ళు ఛాతీ ఎక్స్‌రే, స్పైరోమెట్రీ చేయించుకోవాలి. ఊపిరితిత్తిలో ఎక్కడైనా గాలి చిక్కుకునే చోటు ఉంటే, పైకి వచ్చేటప్పుడు అది ఉబ్బి చిట్లవచ్చు. గతంలో ఎప్పుడైనా ఊపిరితిత్తి దానంతటదే ముడుచుకుపోయిన చరిత్ర ఉంటే డైవింగ్ ఆశ వదులుకోవడమే మంచిది. మూడవది బీపీ, గుండె. నలభై దాటినవాళ్ళు, మెట్లెక్కితే ఆయాసపడేవాళ్ళు గుండె పరీక్ష చేయించుకోకుండా దిగకూడదు. డైవింగ్‌లో పోయే ప్రాణాల్లో గుండె కారణంగా పోయేవి తక్కువేమీ కాదు.

ఈత రావాలా? మొదటిసారి ఇన్‌స్ట్రక్టర్ చేయి పట్టుకుని దిగే డైవ్‌కు ఈత అక్కర్లేదని చెబుతారు. నిబంధన ప్రకారం నిజమే. ఓపెన్ వాటర్ కోర్సుకు మాత్రం 200 మీటర్లు ఈదాలి, ఏ ఆసరా లేకుండా పది నిమిషాలు నీటి మీద తేలాలి. నా మటుకు నేను రెండింటికీ ఈత నేర్చుకోమనే అంటాను. నీళ్ళంటే బెదిరే మనిషి మాస్కులోకి గుక్కెడు నీళ్ళు రాగానే ముందు చేసే పని నోట్లో రెగ్యులేటర్ ఊడబెరుక్కోవడం. నీటితో పరిచయం ఉన్నవాడు అలా చేయడు. జంషెడ్‌పూర్‌లో ఈతకొలనులకు కొదవ లేదు. వేసవిలో పిల్లల్ని తీసుకెళ్ళి ఒడ్డున కూర్చునే తండ్రులు మీరూ దిగండి.

ఇంకో దగ్గరి దారి కూడా ఉంది, మన తెలుగువాళ్ళకు అది కలిసొచ్చేది. గోల్‌మురి, టిన్‌ప్లేట్, కేబుల్ టౌన్ వైపు తెలుగు కుటుంబాల్లో చాలావాటికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బంధువులున్నారు. ఊరికి వెళ్ళిన ప్రతిసారీ విశాఖ దగ్గరే. రుషికొండలో స్కూబా డైవింగ్ నేర్పేవాళ్ళున్నారు. అక్కడి నీళ్ళు అండమాన్ అంత తేటగా ఉండవు, రంగురంగుల పగడాలూ ఆశించకండి. కానీ రెగ్యులేటర్‌తో ఊపిరి తీయడం మీ ఒంటికి సరిపడుతుందో లేదో, చెవులు సహకరిస్తాయో లేదో తెలుసుకోవడానికి అండమాన్ దాకా వెళ్ళనక్కర్లేదు. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఒక పూట అక్కడ దిగి చూడండి. సరిపడకపోతే పెద్ద ఖర్చు తప్పిపోతుంది.

డైవ్ సెంటర్ ఎంచుకోవడం దగ్గర మనవాళ్ళు ధర ఒక్కటే అడుగుతారు. ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళకు అంతకంటే మంచి ప్రశ్నలు అడగడం వచ్చు, ఎందుకంటే కన్‌ఫైన్డ్ స్పేస్ పని ఎలా చేస్తారో మీకు తెలుసు. ట్యాంకు లోపలికి మనిషిని పంపాలంటే ముందు పర్మిట్ కావాలి, గ్యాస్ టెస్ట్ కావాలి, మ్యాన్‌హోల్ దగ్గర స్టాండ్‌బై మనిషి కదలకుండా నిలబడాలి, లోపల ఎంతమంది ఉన్నారో బయట బోర్డు మీద రాసి ఉండాలి, ఏదైనా జరిగితే ఎలా లాగాలో ముందే తేల్చుకోవాలి. సముద్రంలో దిగడం కూడా అచ్చంగా అదే పని. కాబట్టి అడగండి: ఇన్‌స్ట్రక్టర్‌కు సర్టిఫికెట్ ఉందా, ఈ ఏడాది రెన్యూ అయిందా? ఒక్కో ఇన్‌స్ట్రక్టర్ ఎంతమందిని దింపుతారు? మొదటిసారి అయితే ఒకరికి ఒకరు ఉండాలని పట్టుబట్టండి. మేము కింద ఉండగా పడవలో ఎవరుంటారు? ఆక్సిజన్ సిలిండర్ పడవలో ఉందా, ఒడ్డున ఉందా? దిగినవాళ్ళను, పైకొచ్చినవాళ్ళను లెక్కపెట్టి రాసేది ఎవరు? ఎవరికైనా డీకంప్రెషన్ సిక్‌నెస్ వస్తే ఎక్కడికి, ఎంతసేపట్లో తీసుకెళ్తారు? పోర్ట్ బ్లెయిర్‌లోని నౌకాదళ ఆస్పత్రి ఐఎన్ఎచ్ఎస్ ధన్వంతరి పేరు, అక్కడికి చేర్చే పద్ధతి వాళ్ళ నోట తడుముకోకుండా రావాలి. ఈ ప్రశ్నలకు విసుక్కునే చోట దిగకండి. ఓపిగ్గా చెప్పే చోట అయిదొందలు, వెయ్యి ఎక్కువైనా ఇవ్వండి.

భాష కూడా చూసుకోండి. జంషెడ్‌పూర్‌లో పెరిగినవాళ్ళకు హిందీ నీళ్ళప్రాయం కాబట్టి మీకు ఇబ్బంది ఉండదు. ఊరి నుంచి మీతో వచ్చిన భార్యకో, తోడల్లుడికో హిందీ, ఇంగ్లీషు అంతగా రాకపోతే దిగేముందు చెప్పే జాగ్రత్తలు సగమే అర్థమవుతాయి. అండమాన్‌లో తెలుగువాళ్ళు తక్కువేం లేరు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ 13 శాతం మంది మాతృభాష తెలుగే, వాళ్ళలో చాలామంది మూలాలు ఉత్తరాంధ్ర తీరంలోనే. తెలుగులో చెప్పగలిగిన వాళ్ళెవరైనా ఉన్నారా అని బుక్ చేసేటప్పుడే అడగండి.

ఇక ఎక్కడ దిగాలి అన్నది. హేవ్‌లాక్ చుట్టూ చాలా చోట్లున్నాయి. మొదటిసారి దిగేవాళ్ళను ఒడ్డు నుంచే నడిపించి తీసుకెళ్ళే నీమో రీఫ్ చాలు, లోతు తక్కువ, చేపలు పుష్కలం. కోర్సు చేసినవాళ్ళు లైట్‌హౌస్, అక్వేరియం వంటి చోట్లకు వెళ్ళవచ్చు. డిక్సన్స్ పినకిల్, జానీస్ గార్జ్ పేర్లు వినగానే అందరూ అక్కడికే అంటారు, కానీ అవి లోతైనవి, ప్రవాహం ఉండే చోట్లు, అడ్వాన్స్‌డ్ శిక్షణ ఉన్నవాళ్ళవి. లోతుకు హద్దులున్నాయి. తొలి డైవ్‌కు 12 మీటర్లు, ఓపెన్ వాటర్‌కు 18, అడ్వాన్స్‌డ్‌కు 30. "మీరు బాగానే చేస్తున్నారు, ఇంకొంచెం కిందికి పోదాం" అని ఎవరైనా ఉబ్బిస్తే ఒప్పుకోకండి.

గాలి లెక్క ఒకసారి చేతులతో వేసి చూడండి, అప్పుడు ఈ హద్దులు ఎందుకో బుర్రకెక్కుతుంది. మామూలు అల్యూమినియం సిలిండర్‌ నీటి కొలత 11 లీటర్లు. 200 బార్ ఒత్తిడికి నింపితే 2200 లీటర్ల గాలి. పైకి వచ్చేటప్పటికి 50 బార్ మిగలాలి, అది ముట్టకూడని నిల్వ, 550 లీటర్లు. వాడుకోవడానికి 1650. నింపాదిగా ఉన్న మనిషి నేల మీద నిమిషానికి సుమారు 20 లీటర్లు పీలుస్తాడనుకుందాం. 18 మీటర్ల దగ్గర పీడనం 2.8 రెట్లు కాబట్టి ఖర్చు నిమిషానికి 56 లీటర్లు. అంటే అరగంట కూడా రాదు. కంగారు పడితే ఆ 20 కాస్తా 35, 40 అవుతుంది, అప్పుడు పావుగంటకే గేజ్ ముల్లు ఎర్ర గీత వైపు వస్తుంది. అదే మనిషి 8 మీటర్ల దగ్గర ఉంటే ఖర్చు నిమిషానికి 36 లీటర్లే, ముప్పావుగంట ఉండవచ్చు, వెలుతురూ ఎక్కువే, రంగులూ ఎక్కువే. పీడనం చూపించే గేజ్ మీ చేతిలోనే ఉంటుంది. రెండు మూడు నిమిషాలకోసారి చూడండి, 100 బార్‌కు రాగానే ఇన్‌స్ట్రక్టర్‌కు చూపించండి. ఆయన చూస్తాడులే అని వదిలేయకండి.

దిగే రోజు సంగతి. ముందురాత్రి మందు ముట్టకండి. నీళ్ళు బాగా తాగండి, పొద్దున తేలిగ్గా ఏదైనా తినండి. జలుబు ఉంటే దిగకూడదు. మాత్ర వేసుకుని దిగేస్తానంటే, దాని ప్రభావం నీళ్ళలో ఉండగానే తగ్గిపోతుంది, చెవిలో, సైనస్‌లో చిక్కుకున్న గాలి పైకి వచ్చేటప్పుడు బయటికి రాక ప్రాణం తీసేంత నొప్పి పెడుతుంది. దిగుతున్నప్పుడు అడుగు అడుగుకూ ముక్కు పట్టుకుని మెల్లగా ఊది చెవులు సమం చేసుకోవాలి, నొప్పి మొదలయ్యాక కాదు, మొదలవక ముందే. మొదటి అయిదు మీటర్లే కష్టం, ఎందుకంటే పైనుంచి 10 మీటర్లకు వెళ్ళేలోపే చెవిలో గాలి సగానికి సగం కుదించుకుపోతుంది. చెవి పట్టేసిందనిపిస్తే తాడు పట్టుకుని ఒక మీటరు పైకి రండి, మళ్ళీ ఊదండి. అయినా వదలకపోతే ఆ రోజుకు పైకి వచ్చేయండి. ఇక్కడ మగాళ్ళకే ఎక్కువ చెప్పాలి. పక్కన బావమరిది దిగిపోతున్నాడని, బావ దగ్గర పరువు పోతుందని నొప్పి దాచుకుని దిగి కర్ణభేరి చింపుకున్నవాళ్ళున్నారు. కింద మాట్లాడలేరు కాబట్టి, ఎవరు ఆపుదామన్నా మిగిలినవాళ్ళు మారు మాట్లాడకుండా పైకి రావాలని పడవ మీదే మాట అనుకోండి. ఒకరి డైవ్ ఆగితే అందరి డైవూ ఆగుతుంది, దానికి తర్వాత దెప్పిపొడుపులు ఉండకూడదు.

సైగల్లో ఒకటి బాగా గుర్తుంచుకోవాలి. బొటనవేలు పైకెత్తితే 'బాగుంది' అని కాదు, 'పైకి పోదాం' అని. బాగుంటే చూపుడువేలు, బొటనవేలు కలిపి సున్నా చుట్టాలి. ఓవర్‌హెడ్ క్రేన్ కింద సైగలతో పనిచేసినవాళ్ళకు తప్పు సైగ ఎంత పని చేస్తుందో నేను చెప్పనక్కర్లేదు. చేపను చూసిన సంబరంలో బొటనవేలు ఎత్తినవాణ్ణి ఇన్‌స్ట్రక్టర్ నిజంగానే పైకి తీసుకుపోతాడు.

అన్నింటికంటే పెద్ద నియమం ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు. 10 మీటర్ల దగ్గర నిండా పీల్చిన ఊపిరి పైకి వచ్చేసరికి రెండింతలవుతుంది. వదలకపోతే ఊపిరితిత్తి చిట్లుతుంది. పైకి వచ్చే వేగం నిమిషానికి 9 మీటర్లు మించకూడదు, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి రావాలి. భయమేసినా సరే, పైకి దూసుకురాకూడదు. భయమేస్తే కదలకుండా ఉండి, పొడుగ్గా ఊపిరి వదులుతూ ఇన్‌స్ట్రక్టర్ కళ్ళలోకి చూడండి.

ఖర్చుల్లో ఒకటి మరిచిపోతారు, బీమా. కంపెనీ మెడిక్లెయిం ఉంది కదా అనుకుంటారు. చాలా పాలసీల్లో సాహస క్రీడలు మినహాయింపుల జాబితాలో ఉంటాయి. పాలసీ కాగితం తీసి ఆ పేజీ చదవండి, లేదా హెచ్ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి. లేకపోతే డైవింగ్‌కు వర్తించే బీమా విడిగా తీసుకోండి. హేవ్‌లాక్‌లో ఏటీఎంలు తక్కువ, ఫోన్ సిగ్నల్ ఒక్కోసారి ఉండదు, కొంత నగదు దగ్గర పెట్టుకోండి. పడవలు రద్దయితే రెండు రాత్రులు ఎక్కువ ఉండాల్సి వస్తుందన్న లెక్కతో డబ్బు ఉంచుకోండి. ఓడలో తిరిగొస్తే విమానం నియమం బాధ లేదు కదా అని అడిగేవాళ్ళుంటారు. కోల్‌కతాకు, చెన్నైకు, విశాఖకు ఓడలున్నాయి, కానీ సముద్రం మీదే రెండు మూడు రోజులు పోతాయి, తేదీలు మీ సెలవుకు కుదరడం అరుదు.

గుర్తుగా పగడం ముక్క తెచ్చుకోవాలనిపిస్తుంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఎండు ముక్కయినా తేకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దిబ్బ కట్టే పగడాలకు 2001 నుంచి పులితో సమానమైన రక్షణ ఉంది. విమానాశ్రయంలో సంచి తెరిపిస్తారు. ఉద్యోగం చేసుకునే మనిషికి ఆ కేసు జీవితాంతం మచ్చ. నీళ్ళలో కూడా పగడాన్ని చేత్తో తాకవద్దు, ఫిన్స్‌తో తన్నవద్దు. 2010లో వేడెక్కిన నీటికి అండమాన్ పగడాలు తెల్లబారి చాలా నష్టపోయాయి, ఉన్నవి కోలుకోవాలంటే ఏళ్ళు పడుతుంది.

ఇంటికి చేరాక ఇంకో జాగ్రత్త ఉంది, దీన్ని చెప్పేవాళ్ళు తక్కువ. డీకంప్రెషన్ సిక్‌నెస్ లక్షణాలు ఎక్కువగా పైకి వచ్చిన కొద్ది గంటల్లోనే కనిపిస్తాయి, కొందరికి ఒకటి రెండు రోజులకు, విమానం దిగాక కూడా బయటపడతాయి. భుజంలోనో మోకాలిలోనో లోపలి నుంచి పట్టే నొప్పి, చర్మం మీద మచ్చలు, తిమ్మిర్లు, విపరీతమైన నీరసం, తల తిరగడం, మూత్రం బిగుసుకుపోవడం. ఇవి డ్యూటీలో ఉండగా వస్తే మన మనిషి ఏమనుకుంటాడు? బరువెత్తడం వల్ల భుజం పట్టేసిందనుకుని నొప్పి మాత్ర వేసుకుంటాడు. డిస్పెన్సరీ డాక్టరూ మీరు చెప్పకపోతే అదే అనుకుంటాడు. అందుకే తిరిగి వచ్చాక మొదటి రెండు రోజులు బరువులెత్తే పని, ఎత్తు మీద పని లేకుండా చూడమని సూపర్‌వైజరుకు చెప్పండి. ఆఖరి డైవ్ తేదీ, పైకి వచ్చిన సమయం, ఎంత లోతు, ఎంతసేపు, డైవ్ సెంటర్ ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసి గేట్ పాస్‌తో పాటు జేబులో పెట్టుకోండి. ఒంట్లో ఏ తేడా వచ్చినా డాక్టరుతో మొదటి మాటగా "నేను డైవింగ్ చేసి వచ్చాను" అని చెప్పి ఆ కాగితం చేతికివ్వండి. ఆయన ముందు ఆక్సిజన్ పెట్టి, ఆ తర్వాత ఆ నంబరుకు ఫోన్ చేస్తారు.